కళ్ళు మూసుకుని చెప్పిన చాడీ

మా సంఘంలో ముగింపు ప్రార్థన ఎవరు చేయాలన్న ప్రశ్న ఎప్పుడూ రాదు. అయ్యగారు వాక్యం చెప్పడం ముగించి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ నా వైపు చూస్తారు. నేను అనుకోని బరువు నెత్తిన పడ్డవాడిలా తల వంచుకుంటాను. ఆ తల వంచుకోవడాన్ని అద్దం ముందు సాధన చేయలేదు గానీ, చేసి ఉన్నా అంతకంటే బాగా వచ్చేది కాదు.

తిరుత్తణిలో తెలుగు మాట్లాడే క్రైస్తవ కుటుంబాలం కొన్ని ఉన్నాం. వీధిలో తమిళం, బళ్ళో తమిళం, ఇంట్లో చిత్తూరు వైపు తెలుగు. ప్రార్థనకు వచ్చేసరికి మాత్రం నేను అచ్చులో తప్ప ఎక్కడా కనిపించని తెలుగులోకి దిగిపోతాను. ‘కృపాసంపూర్ణుడవైన తండ్రీ’ అని ఎత్తుకున్నానంటే మా పిల్లలకు సగం అర్థం కాదు. అర్థం కాని ఆ సగమే గొప్పదని చాలాకాలం నమ్మాను. తిరువళ్లూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసుకుంటాను. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నట్లూ బోల్టులూ తప్ప నా మాట వినేవాళ్ళు ఉండరు. ఇంట్లో ప్రార్థన అలా కాదు. అందరూ కళ్ళు మూసుకోవాలి, నోరు మూసుకోవాలి, మధ్యలో లేచి వెళ్ళకూడదు. ఇంత మంచి శ్రోతలు ఏ వక్తకు దొరుకుతారు?

మా ఇంటికి నేను యాజకుణ్ణి. పని తక్కువ, మర్యాద ఎక్కువ ఉన్న ఉద్యోగం అది. నా భార్య తిరువళ్లూరు రోడ్డులో ఒక బట్టల కంపెనీలో చొక్కాల గుండీలు సరిగ్గా కుట్టారో లేదో చూస్తుంది. బైపాస్ దగ్గరికి కంపెనీ వ్యాన్ వచ్చేలోపు ఆమె అన్నం వార్చాలి, పులుసు పెట్టాలి, నలుగురికి డబ్బాలు కట్టాలి, కుళాయి వస్తున్నంతసేపూ బిందెలు నింపాలి, చిన్నదానికి స్నానం చేయించాలి, పెద్దదానికి రెండు జడలు వేయాలి. ఆ సమయంలో నేను మిద్దె మీద ఏకాంత ప్రార్థనలో ఉండేవాణ్ణి. అక్కడ గాలి బాగా వస్తుంది. ఇంటిల్లిపాది తరఫునా దేవుడి దగ్గర నిలబడ్డవాణ్ణి బిందె ఎత్తమని పిలవడం మర్యాద కాదు కదా. ఆమె పిలవలేదు కూడా.

సాయంత్రం కుటుంబ ప్రార్థన. నేను గోడకు ఆనుకుని కూర్చుంటాను. పిల్లలు నా ఎదురుగా కూర్చుంటారు. ఆమె వంటింటి గడప దగ్గర, పొయ్యి కనిపించేలా కూర్చుంటుంది. ఆమె కళ్ళు పూర్తిగా మూసుకోదని నాకు పెద్ద ఫిర్యాదు. కుక్కర్ విజిల్ వస్తే లేచి మంట తగ్గించి మళ్ళీ కూర్చునేది. ఒకరోజు ఆ విషయం ప్రార్థనలోనే పెట్టాను. ‘ప్రభువా, నీ సన్నిధిలో కన్నులు మూయని హృదయములను క్షమించుము’ అన్నాను.

అప్పుడు మూడో తరగతి చదివే మా చిన్నది, “అమ్మ కండ్లు తెరిచినాదని నీకెట్ల తెలుసు నాయినా?” అని అడిగింది. దానికి జవాబు వేదాంతంలో ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతున్నాను.

అసలు సంగతి చెప్పాలంటే, ఎదుటి మనిషితో చెప్పడానికి ధైర్యం లేనివన్నీ నేను దేవుడికి వినిపించేవాణ్ణి. వాళ్ళు పక్కనే కూర్చుని ఉండగా, వాళ్ళకు వినపడేంత గట్టిగా. అన్నం ఆలస్యమైతే ‘ఈ గృహమునకు సమయపాలన నేర్పుము’. పొద్దున ఆమె పిల్లల మీద అరిస్తే ‘ఈ తల్లికి దీర్ఘశాంతము దయచేయుము’. ఆమె గట్టిగా ‘ఆమెన్’ అనేది. పళ్ళు కొరికి కూడా ఆమెన్ అనవచ్చునని నాకు ఆమె దగ్గరే తెలిసింది.

“పులుసులో ఉప్పు తక్కువైతే నాతో చెప్పయ్యా,” అంది ఒకసారి. “మధ్యలో ఆయన్ని ఎందుకు లాగుతావు? ఆయనేమన్నా ఉప్పు తెచ్చిస్తాడా?”

చిన్నది మాత్రం నా దగ్గర విద్య బాగా పట్టింది. దాని వంతు వస్తే చేతులు జోడించి, “ఏసయ్యా, అక్క నా స్కెచ్ పెన్ తీసుకున్నాది. నేనెవురికీ చెప్పలేదు, నువ్వే చూసినావు. ఆమెకు మారుమనసు ఇయ్యి. ఆకుపచ్చది కూడా ఇయ్యమను. ఆమెన్,” అనేది. తర్వాత ఒక కన్ను తెరిచి అక్క చేతిలోకి చూసేది. పిల్ల ఆత్మీయంగా ఎదుగుతోందని నేను మురిసిపోయాను.

నా భార్య ప్రార్థనలు పొయ్యి దగ్గరే అయిపోయేవి. “దేవా, దీనికి జరం తగ్గించు, రేపు లీవు పెట్టేదానికి కుదరదు,” అంతే. పిల్లలు మాట వినకపోతే చెప్పు ఎత్తేది. ఎత్తిన చెప్పు ఎవరి మీదా పడేది కాదు గానీ, తిట్లు మాత్రం గురి తప్పేవి కావు. ఆదివారం ప్రసంగంలో కూర్చుని నిద్రపోయేది. దాని గురించి కూడా నేను ప్రార్థించాను. వారమంతా ఆమె ఎన్ని గంటలకు లేస్తుందో దేవుడికి తెలుసు. నాకు తెలియదు, ఎందుకంటే నేను ఆమె తర్వాత లేచేవాణ్ణి.

పెద్దది అప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ళ బళ్ళో ఆడపిల్లలు రెండు జడలు మడిచి రిబ్బన్ కట్టుకుని రావాలి. ప్రతిరోజూ పొద్దున దాన్ని తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, నూనె రాసి, పాయలు తీసి నా భార్య జడలు వేసేది. ఆ కాసేపట్లో పిల్ల అన్నీ చెప్పేది. ఎవరితో కొట్లాడింది, ఏ టీచర్ ఏమంది, కడుపులో ఎక్కడ నొప్పి, బస్‌స్టాండ్‌లో ఎవడు వెకిలిగా నవ్వాడు. ఒకరి మొహం ఒకరికి కనిపించదు కాబట్టి చెప్పడం సులువేమో. తల్లి “ఊ” అనేది. “తల వంచు” అనేది. “అట్లనా” అనేది. మిద్దె మీదికి గుసగుసలుగా వినిపించే ఆ మాటలను నేను కాలహరణం కింద జమకట్టాను.

కొండ మీది స్వామి పండగ ఆడికృత్తికకు తిరుత్తణి ఊరు ఊరంతా మొక్కుబడి కావళ్ళదే. ఆ రోజు బళ్ళకు సెలవు, కంపెనీలకు లేదు. మా వీధిలోనే పెద్దదాని స్నేహితురాలు ఉంది. ఒకే బెంచీ వాళ్ళిద్దరిదీ. ఆ పిల్ల ఇంట్లో మొక్కు ఉండి, ఆ ఏడు కావడి ఎత్తుకుంది. ఎండకు మెట్లు కాలిపోతుంటే, మా పిల్ల ఆమె చెప్పులూ నీళ్ళ సీసా పట్టుకుని కొండ దాకా వెంట వెళ్ళింది. ఆ పిల్ల అవ్వ నుదుట విభూతి పెట్టి, చేతిలో పంచామృతం పెట్టింది. పిల్ల తిని, కుళాయి దగ్గర మొహం కడుక్కుని ఇల్లు చేరింది. కానీ పాపిట మొదట్లో కాస్త బూడిద మిగిలిపోయింది. కంపెనీ నుంచి వచ్చిన తల్లి దాన్ని చూసింది. రోజంతా వదులు గుండీలు వెతికే కళ్ళవి.

“యాడికి పోయినావు?”

“కొండకు. ఆమె కాళ్ళు కాల్తాండాయిమా. నీళ్ళిచ్చేదానికి పోయినా.”

“ఏమన్నా తిన్నావా?”

“పంచామృతం. రవ్వంత.”

“కడుపునొప్పి లేదు కదా? సరి, మొకం కడుక్కో. ఇంకోసారి చెప్పి పో. అంత జనంలో తప్పిపోతే నేను యాడ వెతికేది?”

ఇదంతా బట్టలు మడతపెడుతూ నా భార్యే నాకు చెప్పింది. మా ఇంట్లో క్రిస్మస్‌కు చేసిన కజ్జికాయలు ఆ ఇంటికి వెళ్తాయి, పండక్కి వాళ్ళ పొంగలి మా ఇంటికి వస్తుంది. ఆమెకు అందులో వింతేమీ కనిపించలేదు. నా మొహంలో మాత్రం రంగులు మారి ఉంటాయి. ఆమె మడత ఆపింది.

“చూడయ్యా, నీకు చెప్పినా, అంతే. దేవునికి నేనే చెప్పుకుంటా. నువ్వు మధ్యలో దూరొద్దు.”

“నేనేమన్నా చిన్నపిల్లోడినా?”

“చిన్నపిల్లోడైతే నాకు బయమే లేదు.”

ఆ గురువారం గృహకూటం మా ఇంట్లోనే జరిగింది. అయ్యగారు వచ్చారు, సంఘంలో అందరికీ ‘పెద్దక్క’ అయిన ఒకావిడ వచ్చింది, హాలు నిండింది. నా భార్య కంపెనీ నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా శనగల సుండలి తాలింపు పెట్టింది. వాక్యం అయింది. అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను తల వంచాను.

ఆ రోజు నాకు వాక్ప్రవాహం బాగా వచ్చింది. దేశం కోసం, పాలకుల కోసం, రోగుల కోసం ప్రార్థించాను. అక్కడ ఆపి ఉంటే నేను మంచివాణ్ణే. ‘ప్రభువా, ఎత్తైన స్థలము వైపు పాదములు త్రిప్పిన పసిబిడ్డను కనికరించుము. తియ్యనిదని రుచిచూచిన నాలుకను శుద్ధి చేయుము’ అన్నాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పకపోతే అది చాడీ కాదు, విజ్ఞాపన. మా దగ్గర చట్టం అదే.

స్తోత్రాలు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నా ఒళ్ళో కూర్చున్న చిన్నది తల ఎత్తి, “అక్కనా నాయినా?” అంది.

తర్వాత స్తోత్రాలు రెట్టింపు గట్టిగా వినిపించాయి.

టీ తాగుతూ పెద్దక్క పిల్లను దగ్గరికి పిలిచింది. “ఏం పాపా, పంచామృతం బాగా తియ్యగా ఉండినాదా? మా ఇంటికి రా, బెల్లం నేనిస్తా కదా,” అంది. అందరూ నవ్వారు, ప్రేమగానే. తర్వాత ఆవిడ నా భార్య వైపు తిరిగింది. “మంచి పని చేసినావుమే. పిల్ల సంగతి దాచిపెట్టకుండా మొగుడికి చెప్పి ప్రార్థనలో పెట్టించినావు. తల్లంటే ఇట్ల ఉండల్ల.”

నా భార్య నా వైపు చూసింది. ఆమె చెప్పొద్దంది, నేనే చెప్పాను అనడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చింది.

“అవునక్కా,” అన్నాను నేను. “ఆమెకు పిల్లల మీద భారం ఎక్కువ.”

‘భారం’ అనేది మా సంఘాల్లో చాలా పెద్ద మెచ్చుకోలు. భార్యను నలుగురిలో మెచ్చుకున్నందుకు నన్ను నేను కూడా కాస్త మెచ్చుకున్నాను. గడప దగ్గర సుండలి పళ్ళెం పట్టుకుని పెద్దది నిలబడి ఉంది. పళ్ళెం నేల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. విసిరేసి ఉంటే బాగుండేది, కోపం గురించి ప్రార్థించడానికి నాకొక వీలు చిక్కేది. మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టింది.

మర్నాడు దువ్వెన పట్టుకుని తల్లి పిలిస్తే, పిల్ల అప్పటికే జడలు వేసుకుని వచ్చింది. ఒకటి చెవి పైన, ఒకటి చెవి కింద.

“వంకరగా ఉండాదిమే, రా, సరిచేస్తా.”

“పరవాలే.”

“రవ్వంతసేపే కదా.”

“వద్దుమా. నీకు చెప్పేది, నువ్వు నాయినకు చెప్పి ప్రార్థనలో పెట్టించేది. ఎందుకు?”

అప్పుడు నేను మిద్దె మెట్ల మీద ఉన్నాను. ఇంకో రెండు మెట్లు దిగి, ‘మీ అమ్మ వద్దంది, నేనే చేశాను’ అంటే సరిపోయేది. అంత చిన్న వాక్యం. నేను వెనక్కి తిరిగి మిద్దె ఎక్కి, మిగిలిపోయిన ఏకాంత ప్రార్థన పూర్తిచేశాను. పిల్ల కోపం వాళ్ళ అమ్మ మీద ఉన్నంతవరకు నా మీద లేదు కదా. ఆ సౌకర్యాన్ని నేను చాలా వారాలు వాడుకున్నాను.

నా భార్య కూడా ఆ వాక్యం చెప్పలేదు. ఎందుకు చెప్పవని అడిగాను. అడిగే ధైర్యం ఎలా వచ్చిందో!

“మీ నాయిన మాట తప్పే మనిషని బిడ్డ కాడ నేనెందుకు చెప్పల్ల? చెప్తే నువ్వు చెప్పు.”

వంకర జడలతోనే పిల్ల బడికి పోయింది, వచ్చింది. అడిగితే జవాబు చెప్పేది. అడగకపోతే లేదు. దువ్వెన కిటికీలో ఉండిపోయింది. ఒకరోజు బడి నుంచి టీచర్ ఫోన్ చేసింది. మీ అమ్మాయికి బోర్డు కనపడటం లేదు, పక్క పిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటోంది, తలనొప్పి అని మధ్యాహ్నం తల వాల్చేస్తోంది, మీకు తెలియదా అంది. నా భార్య ఫోన్ పెట్టేసి వంటింటి నేల మీద కూర్చుండిపోయింది.

“నాకు తెలీదయ్యా,” అంది. “ముల్లు గుచ్చుకున్నా మొదట నాకు చెప్పేది. ఇప్పుడు టీచర్ చెప్తే నాకు తెలస్తాండాది. ఇది కండ్ల సంగతి, అద్దాలు పెడితే పోతాది. రేపు ఇంకేమన్నా వస్తే? ఆడపిల్ల. ఎవురికి చెప్పుకుంటాది?”

ఆమె అరిచి ఉంటే దీర్ఘశాంతం కోసం ప్రార్థించేవాణ్ణి. ఆమె అరవలేదు.

నేను వెంటనే పశ్చాత్తాపపడ్డాను. పశ్చాత్తాపంలో నాకు మంచి అనుభవం ఉంది. ఆ సాయంత్రమే కుటుంబ ప్రార్థనలో గొంతు వణికిస్తూ, ‘ఈ ఘోరపాపిని క్షమించుము తండ్రీ, నోటికి కావలి పెట్టలేని ఈ దాసుని’ అంటూ కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను. నిజమైన కన్నీళ్ళే. చిన్నది ఆమెన్ అంది. కళ్ళు తెరిచి చూస్తే పెద్దది అక్కడ లేదు.

“మధ్యలోనే లేచి పోయినాది,” అంది నా భార్య. “నువ్వు తప్పు చేసింది ఆ పిల్ల కాడ. క్షమించమని అడిగేది ఆయన్ని. పక్కింట్లో పాలు ఒలకబోసి మనింట్లో తుడిస్తే ఎట్లయ్యా? కండ్లు తెరిచి, దాని మొకం చూసి చెప్పు.”

“ఆదివారం సంఘంలో సాక్ష్యంగా చెబుదామనుకుంటున్నా. అందరి ముందూ ఒప్పుకుంటే…”

“సాక్ష్యం చెప్పినావంటే అట్నే అయ్యగారింట్లోనే ఉండిపో. భోజనం కూడా వాళ్ళే పెడతారు.”

ఆ శనివారం ఆమెకు కంపెనీ ఉంది. పిల్లను తిరువళ్లూరులో కంటి డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళ్ళాలి. రైల్లో కిటికీ పక్కన కూర్చుని అది బయటికి చూసింది, నేను దాని జడలు చూశాను. పాపిట పాముమెలికలా ఉంది. అరక్కోణం దాకా ‘చూడమ్మా’ అన్న ఒక్క మాట తయారుచేసుకున్నాను. తిరువళ్లూరు వచ్చేసరికి అది కూడా మరిచిపోయాను. ఊపిరి తిప్పుకోకుండా దేశాలూ పాలకులూ అని సాగగలవాణ్ణి, తొమ్మిదో తరగతి పిల్ల ముందు మాట పెగలక కూర్చున్నాను.

ఆస్పత్రిలో నర్సు పిల్ల కళ్ళలో చుక్కలు వేసి, పిలిచేదాకా కళ్ళు మూసుకుని కూర్చోమంది. బెంచీ మీద అది కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను. మా ఇంట్లో ఎప్పుడూ జరగని ఏర్పాటు.

“మీ అమ్మ చెప్పొద్దన్నాది,” అన్నాను.

అది తల నా వైపు తిప్పింది.

“కొండ సంగతి. నాకు చెప్పి, నువ్వు మధ్యలో దూరొద్దన్నాది. నేనే దూరినా. పెద్దక్క అట్ల అన్నప్పుడు మీ అమ్మ చెప్పించలేదని చెప్పుండల్ల. అవునక్కా అనేసినా. నువ్వు మీ అమ్మను అడిగిన రోజు మెట్ల మీదే ఉన్నా. అప్పుడు కూడా చెప్పలేదు.”

అది కళ్ళు మూసుకునే, “నేను కండ్లు మూసుకున్నానని ప్రార్థన చేస్తాండావా నాయినా?” అంది.

“లేదు. నీతోనే చెప్తాండా. తప్పు నాదే.”

“నా క్లాస్ పిల్లోళ్ళు ఇద్దురు ఆ దినం మనింట్లో కూటంలో ఉండారు. మళ్ళీ పోయి అందురికీ చెప్పినారు. కొండకు పోయినానని మా నాయిన దేవునికి కంప్లయింట్ ఇచ్చినాడంట. కావడి ఎత్తినామె కూడా నాతో రెండు దినాలు మాట్లాడలేదు. మా పంచామృతం పాపమా అని అడిగినాది.”

ఈ సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. “నువ్వేం చెప్పినావు?” అన్నాను.

“బాగుండినాదని చెప్పినా.”

ఇంకో సంగతి అడిగింది. “అమ్మ నాకెందుకు చెప్పలేదు, వద్దని చెప్పినానని?”

“అది మీ అమ్మనే అడుగు.”

నర్సు పిలిచింది. అద్దాలు రాసిచ్చారు. తిరుగు రైల్లో ఎండ కళ్ళలో పడుతుంటే అది చున్నీ మొహం మీద కప్పుకుంది. నన్ను క్షమించానని అనలేదు. నేను అడగలేదు. అడిగి ఉంటే, అలవాటు కొద్దీ అక్కడే రైల్లో ఏదో ఒకటి మొదలుపెట్టేవాణ్ణి.

సోమవారం పొద్దున నేను కింద కుళాయి దగ్గర బిందె పడుతున్నాను. ఈ మధ్యనే నేర్చుకున్నాను, కష్టమైన విద్యేమీ కాదు. పెద్దది జుట్టు విరబోసుకుని వచ్చి, కిటికీలోని దువ్వెన తీసి తల్లి చేతికిచ్చి, మోకాళ్ళ మధ్య కూర్చుంది. నా భార్య నూనె సీసా అందుకుంది. పిల్ల తల తిప్పకుండానే నన్ను పిలిచింది.

“నాయినా, నువ్వు మిద్దె మీదికి పో.”

“నీళ్ళు పట్టల్ల కదా.”

“పట్టి పో.”

బిందెలు నింపి మిద్దె ఎక్కాను. కింద గుసగుసలు మొదలయ్యాయి. ఒకచోట ఎవరో ముక్కు చీదారు, ఒకచోట ఇద్దరూ నవ్వారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నా భార్య ఇప్పుడు పిల్ల మాటలేవీ నాకు చెప్పదు. ఆ శిక్షకు నేను అప్పీలు చేసుకోలేదు.

ఇది రాస్తానంటే పెద్దది కొంచెం ఆలోచించింది. “పేర్లు పెట్టొద్దు. తెలుగులో రాస్తే రాసుకో, నా ఫ్రెండ్స్ ఎవురూ చదవరు,” అంది. రాశాక అదీ తెలుగు కూడబలుక్కుంటూనే చదివింది. పంచామృతం తియ్యగా ఉందన్న సంగతి ఇంకోసారి రాయమంది. తియ్యగా ఉందట.

ఆ సోమవారం డబ్బాలోని పులుసులో ఉప్పు లేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆ ప్రస్తావన తేలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కళ్ళు తెరుచుకునే, ఆమెతోనే చెప్పాను.

“ఉప్పు డబ్బా యాడుంటాదో తెలుసు కదా,” అంది ఆమె, వెనక్కి తిరగకుండా. తెలియదు. వెతుక్కున్నాను.